సకినాల డబ్బాతో కేదార్‌కంఠ

నవంబర్, డిసెంబర్: మౌలాలి మెట్ల మీద

సంక్రాంతికి హైదరాబాద్ సగం ఖాళీ అవుతుంది. ఉప్పల్ రింగు దాటి, ఎల్బీనగర్ దాటి బండ్లన్నీ ఊళ్ల దారి పడతాయి. ఈసారి మేము ముగ్గురం ఊరికి కాకుండా ఉత్తరాఖండ్ పోయాం. నేను, మా మరిది, మా అక్క కూతురు. కేదార్‌కంఠ ఎక్కుదామన్న ఆలోచన మా మరిదిది. దసరా నాడు భోజనాల దగ్గర అన్నాడు, నేను సరే అన్నాను. మా వారిని కూడా పిలిచాం. "మంచు నేను ఫ్రిజ్‌లో చూస్తూనే ఉన్నా" అన్నారు.

కేదార్‌కంఠ 12,500 అడుగుల కొండ. మన హైదరాబాద్ సముద్రమట్టానికి 1,800 అడుగుల ఎత్తు కూడా ఉండదు. మొదటిసారి మంచులో నడిచేవాళ్లకు ఇదే తేలికైన కొండ అని అందరూ చెబుతారు. ఆ 'తేలిక' అన్న మాట విని జీన్స్ ప్యాంటుతో వచ్చేసేవాళ్లను తరువాత దారి పొడుగునా చూశాం.

నాకు 43 ఏళ్లు. తార్నాకలో ఒక స్కూల్లో పాఠాలు చెబుతాను. రోజంతా నిలబడే ఉంటాను కాబట్టి నాకు ఓపిక ఉందనుకునేదాన్ని. ట్రెక్ నడిపేవాళ్లు 5 కిలోమీటర్లు 40 నిమిషాల్లో పూర్తి చేయగలగాలన్నారు. ఉస్మానియా యూనివర్సిటీ రోడ్ల మీద మొదటి రోజు నాకు 58 నిమిషాలు పట్టింది. ఆర్ట్స్ కాలేజీ ముందు కూర్చుని ఆయాసపడుతుంటే ఒక కుక్క వచ్చి పక్కన పడుకుంది, అదొక్కటే ఓదార్పు. డిసెంబర్ చివరికి 39కి దింపాను.

ఆదివారాలు మౌలాలి గుట్ట. 500కు దగ్గరగా మెట్లు. వీపున సంచి, అందులో 5 కిలోల సోనా మసూరి. మూడో వారం మెట్ల మీద కూర్చున్న ఒక ముసలాయన ఆపి "ఏం మొక్కుకున్నవమ్మా?" అని అడిగాడు. బియ్యం మోసుకుంటూ ఎక్కుతూ దిగుతూ ఉంటే మొక్కు అనుకోక ఇంకేమనుకుంటాడు! హిమాలయాలకు తయారవుతున్నానని చెబితే ఇంకా జాలిగా చూశాడు. ఎక్కడం కంటే దిగడమే మోకాళ్లను పట్టేస్తుందని ఆ గుట్టే నేర్పింది. దిగాక ఉర్దూ కవయిత్రి మహ్‌లఖా బాయి సమాధి ఉన్న వైపు కాసేపు చాచిన కాళ్లతో కూర్చునేదాన్ని.

ఒక ఆదివారం భువనగిరి పోయాం. కోట మొత్తం ఒకే రాయి మీద ఉంటుంది. తుంపర పడితే ఆ రాతి వాలు ఎంత జారుతుందో బూటు పట్టు సరిగ్గా లేనివాళ్లకు అడుగు వేస్తేనే తెలుస్తుంది. అక్కడి రాక్ క్లైంబింగ్ స్కూల్లోనే మాలావత్ పూర్ణ మొదట రాయి పట్టుకోవడం నేర్చుకుంది. 2014 మే 25న ఎవరెస్ట్ ఎక్కేనాటికి ఆ పిల్లకు 14 ఏళ్లు నిండలేదు. నా క్లాసులో ఆ వయసు పిల్లలు నలభై మంది ఉన్నారు. మూడో అంతస్తుకు చాక్‌పీసులు తెమ్మంటే లిఫ్ట్ ఉందా అంటారు.

బూట్లు రెండు నెలల ముందే కొన్నాను, అర సైజు పెద్దవి. దిగేటప్పుడు వేళ్లు ముందుకు తన్నుకోకుండా ఉండటానికి. అవి కాలికి అలవాటు పడాలని చీరమీద అవే వేసుకుని స్కూలుకు పోయాను. పిల్లలు వారం రోజులు నవ్వి ఊరుకున్నారు. చలికాలంలో స్వెట్టర్లమ్మడానికి వచ్చే టిబెటన్ల దగ్గర ఉన్ని టోపీలు, చేతొడుగులు తీసుకున్నాం. లోపల వేసుకునేవి మాత్రం కాటన్ వద్దన్నారు. కాటన్ చెమటను పీల్చుకుని తడిగా ఒంటికి అంటుకుపోతుంది, ఆ తడే చలిలో ఒంట్లో వేడిని లాగేస్తుంది. మండుటెండల్లో కాటనే కట్టుకోమని చెప్పే ఊరివాళ్లం కదా, ఈ మాట బుర్రకెక్కడానికి టైం పట్టింది.

డాక్టరు బీపీ చూసి, హిమోగ్లోబిన్ పరీక్ష రాసి, సల్ఫా మందులు పడవా అని అడిగి, అప్పుడు ఎత్తు జబ్బు రాకుండా వేసుకునే డయామాక్స్ మాత్ర రాశాడు. వేళ్లు తిమ్మిరెక్కుతాయి, మూత్రం ఎక్కువ వస్తుంది, భయపడకండి అన్నాడు. ఈ మాత్ర జబ్బును కప్పిపెట్టదు, శ్వాస పెంచి శరీరం ఎత్తుకు తొందరగా అలవాటు పడేటట్టు చేస్తుందని ఓపిగ్గా వివరించాడు కూడా.

మా మరిది డాక్టరు దగ్గరికి రాలేదు. అతనికి 34. మాదాపూర్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, ఆగస్టులో హాఫ్ మారథాన్ పరిగెత్తాడు. "నాకెందుకు వదినా ఇవన్నీ" అన్నాడు. నేనూ గట్టిగా చెప్పలేదు. మా ముగ్గురిలో ఏమన్నా అయితే నాకే అవుతుందని నేనూ అనుకున్నాను.

జనవరి 10, 11: రైలు

పొద్దున్నే నాంపల్లిలో తెలంగాణ ఎక్స్‌ప్రెస్. మా అత్తమ్మ స్టేషన్‌కే వచ్చింది, స్టీలు డబ్బా నిండా సకినాలతో. నిండు డబ్బా కిలోన్నర తూగింది. బరువు తగ్గించుకోవాలని టూత్‌బ్రష్ కాడ కూడా విరగ్గొట్టుకున్న మా అక్క కూతురు ఆ డబ్బాను చూసి ఏడుపు ముఖం పెట్టింది. అత్తమ్మ ఇంకో మాట కూడా చెప్పింది. మేం శిఖరం ఎక్కేది ఏ రోజని అడిగి, లెక్కపెట్టి, "కనుమ నాడా? కనుమ నాడు కాకి కూడా కదలదు" అంది.

మర్నాడు ఢిల్లీ. పొగమంచు, ఛోలే భటూరే, రాత్రి డెహ్రాడూన్ బండి. రాయడానికి ఇంకేం లేదు.

జనవరి 12: డెహ్రాడూన్ నుంచి సాంక్రీ

200 కిలోమీటర్లే. కానీ పది గంటలు. ముస్సోరీ దాటాక యమున వెంట కాసేపు, పురోలా, మోరీ దాటి టోన్స్ నది వెంట కాసేపు. రూపిన్, సూపిన్ అనే రెండు ఏర్లు నైట్వాడ్ దగ్గర కలిస్తే టోన్స్ అవుతుందని డ్రైవరు చెప్పాడు. బండిలో ఆరుగురిలో నలుగురికి వాంతులు. ఘాట్ రోడ్డు వాంతికీ ఎత్తువల్ల వచ్చే వాంతికీ తేడా గుర్తుపెట్టుకోవాలట, ఇది బండి దిగిన గంటకు తగ్గిపోతుంది.

సాంక్రీ చేరేసరికి చీకటి పడింది. 6,400 అడుగులు. దేవదారు చెక్కతో కట్టిన ఇళ్లు, పైన మంచు పట్టిన కప్పులు. ఫోన్ సిగ్నల్ అరకొరగా ఉంది. ఇంటికి ఒక్కటే మాట చెప్పాను: "పదహారో తేదీ రాత్రి వరకు ఫోన్ రాకపోతే కంగారు పడకండి, పదిహేడో తేదీ పొద్దున్నకీ రాకపోతే ఈ నంబరుకు చేయండి" అని ట్రెక్ ఆఫీసు నంబరు ఇచ్చాను. ఏ దారిన పోతున్నాం, ఏ రాత్రి ఎక్కడుంటాం అన్నది కాగితం మీద రాసి మా వారికి ముందే ఇచ్చి వచ్చాను. అది ఫ్రిజ్ మీద అతికించారట. ఆయన మంచు అక్కడే కదా.

రాత్రి గైడ్ అందరి సంచులూ విప్పించాడు. పాతికేళ్లుంటాయేమో, ఆ ఊరివాడే. మా మరిది సంచిలోంచి ఒక జీన్స్, రెండు కాటన్ టీషర్టులు బయటికి తీసి పక్కన పెట్టాడు. ఒకామె దగ్గర హెయిర్ డ్రయ్యర్ దొరికింది. నా సకినాల డబ్బాను చేత్తో పైకీ కిందికీ ఊపి బరువు చూశాడు. ఇక పోయిందే అనుకున్నా. ఒకటి తీసి కొరికి, నమిలి, మూత పెట్టి తిరిగి సంచిలోనే పెట్టాడు.

తరువాత చెప్పిన మాటలు పొడుగైనవేం కావు. ప్రతి సాయంత్రం నాలుగు అడుగుతాడట: తల నొప్పిగా ఉందా, తిన్నారా, నిద్రపట్టిందా, మూత్రం సరిగ్గా వస్తుందా. "షర్మానా మత్" అన్నాడు. సిగ్గుపడొద్దని. మా భాషలో దీనికి ఇంకా సరిపోయే మాట ఉంది, మొహమాటం. కడుపు నిండకపోయినా విస్తరిమీద చేయి అడ్డం పెట్టి 'చాలు చాలు' అనేది ఇదే.

విజిల్ సంగతి మాత్రం నాకు నచ్చింది. దారి తప్పినా, కాలు విరిగినా నిమిషంలో ఆరుసార్లు ఊది, ఒక నిమిషం ఆగి, మళ్లీ ఊదాలి. విన్నవాళ్లు మూడుసార్లు ఊది జవాబిస్తారు. అరుపు కంటే దూరం వినిపిస్తుంది, గొంతు పోదు. నా దగ్గర స్కూల్ పీటీ విజిల్ ఉంది. గట్టిగా ఒకసారి ఊది చూపించాను. అలవాటు కొద్దీ వెనకున్న ఇద్దరు కుర్రాళ్లు వరుసలో నిలబడ్డారు.

జనవరి 13, భోగి: జూడా కా తాలాబ్

పైన్ చెట్ల మధ్య నుంచి ఎక్కుడు. గంటలోనే కింద బురద పోయి మంచు మొదలైంది. బూట్లకు ఇనుప పళ్లున్న మైక్రోస్పైక్స్ తొడిగారు. వాటితో మొదటి పది అడుగులు బాతులాగా నడిచాను.

"చోటే కదమ్, దీదీ" అంటున్నాడు గైడ్ మాటిమాటికీ. చిన్న అడుగులు. పక్కవాళ్లతో మాట్లాడుతూ నడవగలిగితే అదే సరైన వేగమట, మాటకు ఊపిరి అందకపోతే తగ్గించమని. నేను మాట్లాడుతూనే ఉన్నాను. క్లాసులో ఎలాగూ అదే పని. మా మరిది వరుస దాటుకుంటూ ముందుకుపోయి ప్రతి మలుపు దగ్గరా నడుముమీద చేతులు పెట్టుకుని మాకోసం ఎదురుచూశాడు. రెండుసార్లు గైడ్ వెనక్కి పిలిచాడు. మూడోసారి అతన్ని తన వెనకే నడవమన్నాడు.

మంచులో చలి వేస్తుందనుకుంటాం కదా, ఎక్కేటప్పుడు చెమట పడుతుంది. చెమట పట్టకముందే పై జాకెట్ తీసేయాలి, ఆగిన మరుక్షణం వేసుకోవాలి. ఈ తీయడం వేయడం రోజుకు పదిహేను సార్లు. విసుగొచ్చి వదిలేసినవాళ్లే సాయంత్రం తడి బనియన్లతో వణికారు.

ఇక నా తప్పు. రెండో గంటలో ఎడమ మడమ దగ్గర మంట మొదలైంది. ఆ మంట పుట్టగానే ఆగి, బూటు విప్పి, అక్కడ టేపు వేస్తే బొబ్బ రాదు. ఇది నాకు తెలుసు. టేపు జేబులోనే ఉంది. కానీ దారి సన్నం, వెనక ముప్పై మంది. నా ఒక్కదానికోసం వరుసంతా ఆపడమా అని ఊరుకున్నాను. 9,100 అడుగుల దగ్గర క్యాంపులో సాక్సు విప్పేసరికి అర్ధరూపాయి బిళ్లంత బొబ్బ. అక్క కూతురు దాన్ని శుభ్రంచేసి, గుండ్రంగా కత్తిరించిన ప్యాడ్ చుట్టూ పెట్టి కట్టుకట్టింది. "చిన్నమ్మా, ఒక్క నిమిషం ఆగితే అయిపోయేది కదా" అంది. గైడ్‌కు చెప్పకు అన్నాను. చెప్పింది. ఆ పిల్లకు మొహమాటం లేదు, వాళ్లమ్మ పోలిక.

చెరువు గడ్డకట్టి ఉంది. శివుడి జడలోంచి జారిన నీళ్లు ఈ చెరువయ్యాయని ఇక్కడివాళ్లంటారు, జూడా అంటే ఆ జడకొప్పు. అందరూ గడ్డ మీద నిలబడి ఫోటోలు దిగుతున్నారు. అది ఎంత మందం ఉందో ఎవరికి తెలుసు? మా గైడ్ ఒక్కరినీ దిగనివ్వలేదు. వేరే గుంపువాళ్లు దిగుతుంటే మావాళ్లకు ఉక్రోషం.

భోగి నాడు మంట లేకుండా గడపడం జీవితంలో ఇదే మొదలు. ఇది అభయారణ్యం, ఎండు పుల్ల కూడా కాల్చొద్దన్నాడు గైడ్. మైనస్ ఏడు చలిలో తలా ఒక సకినం తిన్నాం. మా మరిది పదకొండు తిన్నాడు. లెక్క ఎందుకు గుర్తుందో తరువాత చెబుతాను.

పడుకునేముందు సీసాలో మరిగిన నీళ్లు పోసి స్లీపింగ్ బ్యాగులో కాళ్ల దగ్గర పెట్టుకున్నాం. పొద్దున్నకు అవే తాగడానికి. బయట వదిలేసిన సీసాలు గడ్డకట్టాయి. గడ్డ పైనుంచి కడుతుంది కాబట్టి సీసాను తలకిందులుగా పెడితే మూత దగ్గర నీళ్లు మిగులుతాయని వంటాయన చూపించాడు. ఫోను, టార్చి బ్యాటరీలు కూడా బ్యాగులోనే, చలికి చార్జింగ్ ఊరికే పోతుంది.

జనవరి 14, సంక్రాంతి: బేస్ క్యాంప్

నడక తక్కువ. మూడు గంటలు. మధ్యాహ్నానికే 11,250 అడుగుల దగ్గర గుడారాల్లో ఉన్నాం. చెట్లు అయిపోయాయి. ఎదురుగా స్వర్గారోహిణి, బందర్‌పూంఛ్, కాలానాగ్. అంత తెలుపు చూసి కళ్లు తట్టుకోలేవు, నల్లద్దాలు తీస్తే నీళ్లు కారుతున్నాయి.

ఇక్కడ గాలిలో ప్రాణవాయువు శాతం అంతే ఉంటుంది, గాలే పలచబడుతుంది. ఒక్కో ఊపిరికి అందేది సముద్రమట్టం దగ్గర అందేదానిలో మూడింట రెండొంతులు. నీళ్లు కూడా 90 డిగ్రీల లోపే మరిగిపోతాయి, పప్పు ఉడకదు, అన్నీ కుక్కర్లోనే. 3,000 మీటర్లు దాటాక పడుకునే చోటు ఒక్కరోజులో 500 మీటర్లకు మించి పెరగకుండా చూసుకోవాలని పర్వతారోహణలో ఒక లెక్క ఉంది. నిన్నటి క్యాంపు నుంచి మేం ఇవాళ ఎక్కింది 650 మీటర్ల పైచిలుకు. నాలుగు రోజుల్లో ముగించాల్సిన ట్రెక్ కాబట్టి అందరూ ఇలాగే ఎక్కిస్తారు. చాలామందికి ఏమీ కాదు కూడా. కానీ మౌలాలి మెట్లూ హాఫ్ మారథాన్లూ ఈ లెక్కలోకి రావు. కాళ్ల బలం వేరు, ఎత్తుకు ఒళ్లు అలవాటు పడటం వేరు. బలమైనవాడు తొందరగా ఎక్కేస్తాడు కాబట్టి వాడికే ముందు తగులుతుంది ఒక్కోసారి.

సాయంత్రం ఆక్సీమీటర్ తెచ్చాడు గైడ్. కోవిడ్ అప్పుడు మనమంతా కొన్న ఆ చిన్న క్లిప్పే. అప్పట్లో 93 చూపిస్తే ఇల్లంతా టెన్షన్. ఇక్కడ నాకు 88 వస్తే "బహుత్ అచ్ఛా" అన్నాడు. వేలు చల్లగా ఉంటే తప్పు చూపిస్తుందని ముందు చేతులు రుద్దించాడు. అక్క కూతురికి 90. మా మరిదికి 83. మళ్లీ రుద్దించి చూశాడు, 84.

"సర్ దర్ద్?"

"నై భయ్యా, మేరేకు కుచ్ నై హోరా" అన్నాడు మా మరిది మన హైదరాబాదీ హిందీలో. అందరూ నవ్వారు. గైడ్ కూడా నవ్వాడు, కానీ అతని ముఖంలోంచి చూపు తీయలేదు.

రాత్రి పండగని వంటాయన నెయ్యి వేసి ఖిచిడీ చేశాడు, ఉత్తరాదిన సంక్రాంతికి అదే తినాలట. నేను సకినాల డబ్బా తిప్పాను. మా మరిది ఒకటి తీసుకున్నాడు. సగం విరిచి, నోట్లో పెట్టుకోకుండా చేతిలోనే ఉంచుకుని, ఎవరూ చూడటం లేదనుకుని జేబులో వేసుకున్నాడు.

పెళ్లయి మా ఇంటికి వచ్చిన ఇరవై ఏళ్లలో అతను సకినాన్ని వదిలేయడం నేను చూడలేదు. చిన్నప్పుడు అత్తమ్మ వాటిని ఆరబెట్టిన బట్టమీద నుంచి పచ్చివే ఎత్తుకెళ్లేవాడు. నిన్న పదకొండు తిన్న మనిషి.

అతని టార్చి కోసమన్నట్టు సంచి పై అర తెరిచాను. డోలో స్ట్రిప్ ఉంది, మూడు మాత్రలు లేవు. సాంక్రీలో సంచులు విప్పినప్పుడు అది నిండుగా ఉంది.

వెంటనే చెప్పి ఉండాల్సింది. చెప్పలేదు. గంటసేపు గుడారంలో కూర్చుని ఆలోచించాను. పెద్దవాడు, నలుగురిలో పరువు తీసినట్టవుతుంది. ఇంత డబ్బు పెట్టి, ఇంత దూరం వచ్చి, ఇంకో 1,250 అడుగులే కదా. నేను చెబితే ఆపేస్తారు. జీవితాంతం "వదిన వల్ల ఎక్కలేదు" అంటాడు. ఒక్క తలనొప్పికి అంత అవసరమా? రేపు పొద్దున్నకు తగ్గిపోవచ్చు. ఇలా ఎన్ని కారణాలు దొరికాయో. నిన్న బొబ్బ విషయంలో దొరికినవీ దాదాపు ఇవే.

చివరికి అతన్నే బయటికి పిలిచాను. ముఖం ఉబ్బినట్టుంది.

"ఎప్పటి నుంచి?"

"మధ్యాహ్నం నుంచే వదినా. మాత్ర వేసుకుంటే తగ్గుతుంది, మళ్లీ వస్తుంది."

"మాత్ర తలనొప్పిని తగ్గిస్తుంది, ఎత్తును తగ్గించదు కదా."

"నామోషీగా ఉంది వదినా. అందరికంటే ముందు నేనే ఎక్కుతానని ఆఫీసులో చెప్పి వచ్చిన."

"నువ్వు చెబుతావా, నన్ను చెప్పమంటావా?"

కాసేపు బూటుతో మంచును తవ్వాడు. "నువ్వు చెప్పు" అన్నాడు.

గైడ్ ఏమీ తిట్టలేదు. ఆశ్చర్యపోయినట్టూ లేదు. రెండు గుడారాల మధ్య ఒక గీత గీసి, మడమకు వేళ్లు ఆనించి అడుగు వెంట అడుగు దానిమీద నడవమన్నాడు, తాగి వచ్చినవాడిని నడిపించి చూసినట్టు. తూలితే ఎత్తు జబ్బు మెదడు దాకా వెళ్లిందని గుర్తు, అప్పుడు అర్ధరాత్రి అయినా సరే క్షణం ఆగకుండా దింపాలి. మా మరిది తూలలేదు. తలనొప్పి, ఆకలి లేకపోవడం, అంతవరకే. ఇక పైకి ఎక్కేది మాత్రం లేదన్నాడు గైడ్. రాత్రి గంటగంటకూ చూస్తానన్నాడు.

జనవరి 15, కనుమ

ఒంటిగంటకు మా మరిది వాంతి చేసుకున్నాడు. రీడింగ్ 79. గైడ్ ఆక్సిజన్ సిలిండర్ పెట్టాడు, మళ్లీ గీతమీద నడిపించాడు. నడక సూటిగానే ఉంది. "ఒక్క అడుగు తూలినా ఇప్పుడే దిగుతాం, లేకపోతే వెలుగు రాగానే" అన్నాడు. ఇద్దరు స్టాఫ్‌ను బూట్లతో సహా తయారుగా కూర్చోబెట్టాడు. నేను పక్కనే కూర్చుని అరగంటకోసారి మాట్లాడించాను. ఇంటి నంబరు, అత్తమ్మ పుట్టినూరు, మా చిన్నోడి క్లాసు. మాట తడబడుతుందేమోనని. చివరికి "వదినా, పరీక్ష అయిపోయిందా?" అన్నాడు.

మూడున్నరకు మిగతావాళ్లు రెండో గైడ్‌తో శిఖరానికి బయలుదేరారు. తలకు కట్టుకున్న టార్చి దీపాలు వరుసగా చీకట్లోకి పోతుంటే చూశాను. అక్క కూతురు "నేనూ ఆగుతా చిన్నమ్మా" అంది. వద్దన్నాను. తొమ్మిదిన్నరకు ఎక్కడున్నా సరే, శిఖరం పది అడుగుల్లో ఉన్నా సరే, వెనక్కి తిరగాలని వాళ్ల గైడ్ ముందే షరతు పెట్టాడు. ఎండెక్కితే మంచు మెత్తబడి దిగేటప్పుడు కాలు కూరుకుపోతుంది, మధ్యాహ్నం గాలి లేస్తుంది. ఆ పిల్ల టైం పాటిస్తుందని నాకు నమ్మకం.

నేను ఎక్కొచ్చు. మరిదితో ఒక స్టాఫ్ దిగితే చాలన్నాడు గైడ్. నా రీడింగ్ బాగుంది, బొబ్బ కూడా ఓర్చుకోగలిగినంతే. రెండు నెలలు బియ్యం మోసింది ఈ ఒక్క పొద్దున కోసమే. ఏడవలేదని అబద్ధం చెప్పను. కానీ రాత్రంతా మేలుకున్నాను. నిద్రలేని కాళ్లతో చీకట్లో మంచుమీద నడవడం నాకు నేనే ఇంకో ప్రమాదం తెచ్చుకోవడం. పైగా పైకి పోయినా మనసు కిందే ఉంటుంది.

ఆరున్నరకు దిగడం మొదలుపెట్టాం. మైనస్ పదకొండు. ముందు ఒక స్టాఫ్, మధ్యలో మరిది, వెనక ఇంకొకతను, ఆ వెనక నేను. అతని సంచి వాళ్లే మోశారు. మొదటి అరగంట మాట లేదు. మంచులో మడమ గుచ్చి దిగాలి, వెనక్కి వాలకూడదు, వాలితే జారతాం. భువనగిరి రాయి మీద నేర్చుకున్నది ఇక్కడ పనికొచ్చింది. కర్రలు కాస్త పొడుగు చేసి ముందు ఆనించుకుంటే మోకాలి మీద బరువు పడదు. ఎదురుగా కింది క్యాంపు నుంచి వస్తున్న గుంపులు. ఒకబ్బాయి స్పోర్ట్స్ షూకు తాడు చుట్టుకుని ఎక్కుతున్నాడు. చేతిలో సెల్ఫీ కర్ర, వీపున సంచి కూడా లేదు. "టాప్ కిత్నా దూర్?" అని మమ్మల్నే అడిగాడు. మా స్టాఫ్ ఆగి, అతని బూట్లు చూపించి ఏదో గట్టిగా చెప్పాడు. వింటాడన్న ఆశ నాకైతే లేదు.

ఏడున్నరకు వెనక్కి చూస్తే శిఖరం మీద ఎండ పడింది. గీతలాంటి వాలు మీద చుక్కల్లా మనుషులు. వాళ్లలో ఎవరు మా పిల్లో తెలియదు. నల్లగా రెండు కాకులు మా తలలమీదుగా పైకి ఎగిరిపోయాయి. మా మరిది ఆగి వాటిని చూశాడు.

"అమ్మకు చెప్పాలి. కనుమ నాడు కదులుతున్నయని."

రాత్రి నుంచి అతను తనంతట తాను అన్న మొదటి మాట అది. నేను మాత్రం ఏమనలేదు, నా కళ్లద్దాలు మసకబారాయి.

తొమ్మిది దాటాక చెరువు దగ్గరికి చేరాం. రాత్రి పడుకున్న చోటుకంటే 2,000 అడుగులకు పైగా కిందికి. ఎత్తు జబ్బుకు ఇంతకంటే మంచి మందు లేదని చదివాను, కానీ ఇంత తొందరగా పనిచేస్తుందనుకోలేదు. ముఖంలో రంగు వచ్చింది. రీడింగ్ 91. తలనొప్పి ఎంత అని అడిగితే "ఉందా లేదా అన్నట్టుంది" అన్నాడు. అల్లం టీ రెండు గ్లాసులు తాగాడు. గైడ్ చెప్పినట్టు ఇవాళ్టికి ఇక ఎక్కడం లేదు, టీ అయ్యాక మెల్లగా సాంక్రీ దాకా దిగడమే.

చెక్క బల్ల మీద ఎండలో కాళ్లు చాపి కూర్చున్నాం. మౌలాలి కింద కూర్చున్నట్టే. గడ్డకట్టిన చెరువు మీద మళ్లీ ఎవరో ఫోటోలు దిగుతున్నారు. కాసేపటికి మా మరిది జేబులో చేయిపెట్టి, రాత్రి దాచిన సగం సకినం తీశాడు. నూలు దుమ్ము ఊది నోట్లో వేసుకున్నాడు. కరకరమని నమిలాడు. జేబంతా వెతికి రెండో సగం కూడా తీసి తిన్నాడు.

"వదినా, డబ్బా ఏది?"

నా సంచి వెతికాను. అతని సంచి వెతికాను. చీకట్లో సర్దుకుంటూ అక్క కూతురు పై సంచిలో ఏమేం పెట్టుకుందో అప్పుడు గుర్తొచ్చింది. కిలోన్నర బరువని నాంపల్లిలో ఏడుపు ముఖం పెట్టిన పిల్లే, శివుడి దగ్గర పెట్టి తెస్తానని డబ్బాను తన సంచిలో వేసుకుంది.

టైం చూశాను. తొమ్మిదీ ఇరవై. "ఈపాటికి అది శిఖరం మీద ఉంటుంది" అన్నాను.

"అంటే నా సకినాలు ఎక్కినయి, నేను ఎక్కలేదు" అన్నాడు మా మరిది.

సాయంత్రం సాంక్రీలో అక్క కూతురు దిగేసరికి డబ్బా ఖాళీ. పైన గైడ్లందరూ తలా రెండు తిన్నారట. ఒక్కటి మాత్రం కాగితంలో చుట్టి తెచ్చింది, బాబాయ్ కోసం.